‘క్యారీ’ని పిల్లల చేతికిచ్చే ముందు: పుస్తక బృందాల పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల యువజన విభాగాల నిర్వాహకులకు, ఆ పుస్తక సమావేశాలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు,

నమస్కారం.

హాలోవీన్ దగ్గరపడితే చాలు, హైస్కూలు పిల్లలు చదవాలనుకునే పుస్తకాల్లో స్టీఫెన్ కింగ్ భయానక నవల ‘క్యారీ’ పేరు వస్తుంది. తరగతంతా ఏడిపించే క్యారీ వైట్‌కు మనసుతోనే వస్తువుల్ని కదిలించే శక్తి ఉంటుంది. ప్రామ్ అనే హైస్కూలు డాన్సు వేడుకలో ఆమె మీద బకెట్లతో పంది రక్తం పోస్తారు, ఆమె ఆ శక్తితో ఊరినే తగలబెడుతుంది. వెంటనే పెద్దల్లో రెండు మాటలు బయల్దేరతాయి. చిన్న పుస్తకమేగా, పండగకి సరదాగా ఉంటుంది, కానివ్వండి అని ఒకరు. ఆ రక్తం, ఆ బూతులు మన పిల్లలకెందుకు, అసలు స్కూలు లైబ్రరీలోంచే తీయించాలి అని ఇంకొకరు. మాకు తెలిసి ఈ రెండు మాటలూ పుస్తకం తెరవకుండా అనేవే. హైస్కూలు పిల్లలతో నవలలు చదివించడమే మా పని కాబట్టి మా కోరిక మొదటే చెప్పేస్తాం. ఈ నవలను పిల్లలకు ఇవ్వండి. అయితే పగ తీర్చుకున్న అమ్మాయి కథగా ఇవ్వకండి. ఆపడానికి చేతిలో అవకాశం ఉండి కూడా ఆపలేకపోయిన పెద్దల కథగా చదివించండి. అలా చదివించాలంటే ముందు మీరు చదివి ఉండాలి.

ఈ పుస్తకం 1974 ఏప్రిల్ 5న డబుల్‌డే ప్రచురణగా వచ్చింది. కింగ్ అచ్చయిన మొదటి నవల ఇదే. రాసేనాటికి ఆయన మెయిన్ రాష్ట్రంలోని హ్యాంప్డెన్ అకాడమీలో ఇంగ్లీషు టీచరు. జీతం ఏడాదికి 6,400 డాలర్లు, కాపురం ఒక ట్రెయిలర్ ఇంట్లో. మొదటి మూడు పేజీలు రాసి చెత్తబుట్టలో పారేస్తే భార్య టబితా తీసి చదివి, మిగతాది రాయమన్నదన్న సంగతి అందరూ చెప్పుకునేదే. అంతగా చెప్పుకోని సంగతి ఇంకోటుంది. క్యారీ పాత్ర వెనక ఆయన చిన్నప్పుడు చూసిన ఇద్దరమ్మాయిలున్నారు. వాళ్లలో ఒకమ్మాయి ఏడాదిన్నర పాటు రోజూ అవే బట్టలతో స్కూలుకొచ్చింది. ఒకసారి క్రిస్మస్ సెలవుల తర్వాత కొత్త బట్టలు కట్టుకుని, జుట్టు బాగుచేయించుకుని వచ్చింది. ఏడిపించడం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. కింగ్ తన రచనానుభవాల పుస్తకంలో ఈ సంగతి రాసుకున్నారు. నవల మొత్తానికి తాళంచెవి ఇదేనని మా అభిప్రాయం. తక్కువ మెట్టు మీద ఉండాల్సిన పిల్ల పైకి రాబోతే తరగతి ఓర్చుకోదు. ప్రామ్ రాత్రి జరిగేదీ అదే.

మనలో చాలామందికి వేధింపు అంటే గుర్తొచ్చేది ర్యాగింగ్. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాని మీద చట్టమే వచ్చింది. కానీ ర్యాగింగ్ సీనియర్లు కొత్తగా వచ్చినవాళ్లను చేసేది, కొన్ని వారాలకు సద్దుమణిగేది. ఇక్కడ కథ వేరు. ఒకటో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా అవే ముఖాలు, అదే పిల్ల. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తుండదు. ‘మా రోజుల్లో మేమూ పడ్డాం, ఏమైంది?’ అనే పెద్దలకు ముందుగా ఈ తేడా చెప్పాలి.

ఇక చదివించే పద్ధతి. మొదటి ప్రచురణ 199 పేజీలు. అలవాటున్న పిల్లలు నాలుగైదు గంటల్లో పూర్తిచేస్తారు. అందుకే నిర్వాహకులు ఒక్క సమావేశంతో సరిపెడతారు, అక్కడే పాడవుతుంది. ఐదు సమావేశాలు పెట్టండి. వారానికొకటి, ఒక్కోటి గంటంపావు. పిల్లలు ఎనిమిది నుంచి పన్నెండు మంది, పెద్దలు ఇద్దరు, వాళ్లలో ఒకరు తప్పకుండా స్త్రీ. పదో తరగతికి తక్కువైతే వద్దు. అక్టోబరులో అసలే వద్దు. తెల్లగౌను మీద ఎర్రరంగు పోసుకుని వచ్చే వేషాల మధ్య ఈ పుస్తకం గురించి ఎవరూ గంభీరంగా మాట్లాడరు. ఫిబ్రవరి, మార్చి మంచి నెలలు. ప్రామ్‌కు ఎవరు ఎవరిని పిలుస్తారన్న గుసగుసలు స్కూళ్లలో అప్పుడే మొదలవుతాయి. ఇండియాలో చదువుకున్న తల్లిదండ్రులకు ఆ టికెట్లు, జంటలు, రాజూరాణుల ఎన్నిక ఏమిటో ఒక పది నిమిషాలు పిల్లలచేతే చెప్పించండి. పెద్దలకు తెలియనిది తాము చెప్పే అవకాశం వస్తే పిల్లల నోళ్లు తెరుచుకుంటాయి.

పుస్తకంలో అధ్యాయాలు లేవు, మూడు భాగాలే ఉన్నాయి. కాబట్టి ఎక్కడ ఆగాలో మీరే పెన్సిలుతో గుర్తుపెట్టుకోవాలి. మొదటివారం రాళ్లవాన వార్త దగ్గర మొదలుపెట్టి, స్నానాల గది, వైస్ ప్రిన్సిపాల్ గది, ఇంటిదారి, తల్లి ఆమెను చీకటి అల్మరాలో పెట్టి తాళం వేయడం దాకా. రెండోవారం మొదటి భాగంలో మిగిలినదంతా, పందుల దొడ్డి సంఘటనతో సహా. మూడోవారం ప్రామ్, బకెట్లు పడేదాకా. నాలుగోవారం ఊరు తగలబడటం, తల్లి, తోటి విద్యార్థిని స్యూ. ఐదోవారం చివరి భాగం. అది చిన్నదే అయినా విడిగా ఒక సమావేశం పెట్టండి, కారణం కింద చెబుతాం.

పిల్లలు తడబడేది మూడుచోట్ల. మొదటిది కథ చెప్పే తీరు. మామూలు కథనం మధ్యలో పత్రికా వార్తలు, విచారణ సంఘం ముందు సాక్ష్యాలు, పరిశోధకుడి పుస్తకంలోంచి భాగాలు, స్యూ స్నెల్ రాసుకున్న జ్ఞాపకాలు వస్తుంటాయి. ఇవన్నీ కింగ్ కల్పించినవే. ప్రామ్‌లో ఘోరం జరిగిందని మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది. ఏం జరుగుతుందో అన్న ఉత్కంఠ కోసం చదివే పిల్ల యాభయ్యో పేజీలో పుస్తకం మూసేస్తుంది. కాబట్టి ముందే చెప్పండి: ఏమైందో తెలుసు, ఎలా అక్కడికి చేరిందో చూడాలి అని. గోడమీద ఒక పొడవాటి కాగితం అంటించి, ప్రతి పత్రం వచ్చినప్పుడు అది ఎవరు రాసింది, ఎప్పుడు రాసింది, దేనికోసం రాసింది అని రాయించండి. నవల వెలువడింది 1974లో, ప్రామ్ జరిగేది 1979 మేలో, పత్రాలు ఎనభైల దాకా సాగుతాయి. అంటే అచ్చయిన నాటికి అసలు కథ రాబోయే కాలానిదే. ఈ సంగతి కాగితం మీద గీస్తేగానీ పట్టుబడదు.

రెండోది బ్రాకెట్లు. వాక్యం నడుస్తుండగానే మధ్యలో తెగి, కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు, బ్రాకెట్లలో ఒక ఆలోచన దూరుతుంది. కళ్లతో చదివితే అచ్చుతప్పులా ఉంటుంది. పైకి చదివించండి. కథనం ఒకరు, బ్రాకెట్లలోది ఇంకొకరు. రెండు పేజీలు చదివేసరికి అది క్యారీ లోపలి గొంతని అర్థమవుతుంది. ప్రామ్ రాత్రి ఆ గొంతు ఊళ్లో ఇతరుల తలల్లోకి కూడా వెళ్తుంది కాబట్టి ఈ అలవాటు అప్పుడు అక్కరకొస్తుంది. మూడోది చాలా చిన్న విషయం. టామీలు ఇద్దరున్నారు. దారిలో సైకిలు మీద వచ్చి క్యారీని వెక్కిరించే ఐదేళ్ల పిల్లాడొకడు, ప్రామ్‌కు తీసుకెళ్లే టామీ రాస్ మరొకడు. కలగాపులగం కాకుండా చూసుకోండి.

స్నానాల గది దృశ్యానికి ముందు పిల్లలకు ఏమీ చెప్పకుండా ఉండటం పెద్ద పొరపాటు. పదహారేళ్ల పిల్ల తరగతి అమ్మాయిలందరి ముందూ మొదటిసారి బహిష్టవుతుంది. అదేమిటో ఆమెకు తెలియదు, చచ్చిపోతున్నాననుకుంటుంది. మిగతావాళ్లు ప్యాడ్లు విసురుతూ అరుస్తారు. వ్యాయామం టీచరు మిస్ డెజార్డిన్ వచ్చి మొదట చేసే పని ఆ పిల్ల చెంప మీద కొట్టడం. అర్థమయ్యాక సిగ్గుపడుతుంది, తర్వాత ఆమె పక్షానే నిలబడుతుంది, కానీ మొదటి క్షణంలో ఆమె కూడా ఆ గుంపులో మనిషే. ఈ ఒక్క పేజీని నెమ్మదిగా చదివించండి. అబ్బాయిలను బయటికి పంపకండి. పంపితే వాళ్లు నేర్చుకునేది అది నవ్వుకోవాల్సిన రహస్యమని మాత్రమే.

ఇక్కడ మన ఇళ్ల సంగతి కొంచెం మాట్లాడుకోవాలి. పిల్ల పెద్దమనిషైతే చిమ్మిలి పెట్టి, హారతిచ్చి, హాలు మాట్లాడి ఓణీల ఫంక్షన్ చేసే ఆచారం మనది. డాలస్‌లోనూ చేస్తున్నాం, న్యూజెర్సీలోనూ చేస్తున్నాం. క్యారీ తల్లి దాచిపెట్టి పాపమంది, మనం పదిమందిని పిలిచి పండగ చేస్తున్నాం, పూర్తిగా వేరే లోకాలు కదా అనిపిస్తుంది. అయితే ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చినంత సమయం ఆ పిల్లకు ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పడానికి ఇచ్చామా అన్నది వేరే ప్రశ్న. ఈ ప్రశ్న పిల్లల ముందు వద్దు. తల్లిదండ్రుల విడి సమావేశంలో అడగండి.

తల్లి మార్గరెట్ వైట్ గురించి ఒక జాగ్రత్త. మన బృందాల్లో క్రైస్తవ కుటుంబాలూ ఉంటాయి. ‘మతపిచ్చి’ అని ఒక్కమాటతో తేల్చేస్తే ఆ పిల్లలు చిన్నబుచ్చుకుంటారు, పుస్తకాన్నీ తప్పుగా చదివినట్టే అవుతుంది. నవలలో ఆ భార్యాభర్తలు బాప్టిస్టు చర్చినే వదిలేసి ఇంట్లోనే సొంత ప్రార్థనలు పెట్టుకున్నవాళ్లు. చర్చి ఉన్నా, గుడి ఉన్నా, అడిగేవాళ్లు నలుగురుండేవాళ్లు. మార్గరెట్ ఇంటికి వచ్చిపోయేవాళ్లు లేరు. అసలు భయం అదే.

ఇప్పుడు చర్చ ఎక్కడ చెడుతుందో చూద్దాం. ‘క్యారీ చేసింది రైటా, తప్పా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. గది రెండుగా చీలుతుంది, ఇరవై నిమిషాలు అరుచుకుని ఇంటికిపోతారు. ఆ ప్రశ్న వేయకండి. పుస్తకాన్ని మెట్టు మెట్టుగా విప్పి, ఈ మెట్టు దగ్గర ఎవరి చేతిలో ఏముంది అని అడగండి. మచ్చుకి ప్రిన్సిపాల్ హెన్రీ గ్రేల్. స్నానాల గది సంఘటనకు వేసిన శిక్ష తప్పించుకున్నందుకు ప్రామ్ టికెట్ పోగొట్టుకున్న క్రిస్ హార్జెన్‌సెన్ అనే అమ్మాయి తండ్రి లాయరు. స్కూలుకొచ్చి బెదిరిస్తాడు. గ్రేల్ లొంగడు. ఆ పిల్ల పాత చిట్టా తీస్తాడు. అందులో ఒకమ్మాయి బూటులో టపాకాయ పెట్టిన సంగతి కూడా ఉంటుంది. చదివేవాళ్లకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. అప్పుడు అడగండి: చిట్టా అంత పొడుగయ్యేదాకా ఎందుకు ఆగారు? టపాకాయ నాడే తండ్రిని ఎందుకు పిలవలేదు? మంచి ప్రిన్సిపాలే, ఆలస్యంగా మంచివాడయ్యాడు. వైస్ ప్రిన్సిపాల్ సంగతి చెప్పక్కర్లేదు, క్యారీ పేరే ఆయనకు సరిగా నోరు తిరగదు.

స్యూ స్నెల్ దగ్గర ఎక్కువసేపు ఆగండి. తానూ ప్యాడ్లు విసిరింది, తర్వాత బాధపడింది, తన స్నేహితుడు టామీని క్యారీతో ప్రామ్‌కు వెళ్లమంది. మంచి మనసుతోనే చేసింది. కానీ క్యారీకి క్షమాపణ చెప్పలేదు, నీకేం కావాలని అడగలేదు. ఎదురుగా కూర్చుని ‘తప్పు చేశాను’ అనడం కన్నా తన స్నేహితుణ్ణి పంపడమే ఆమెకు తేలికైంది. పదహారేళ్ల పిల్లలు ఈ ముడి విప్పగలరు. మనకన్నా బాగా విప్పుతారు.

బకెట్లు పడే క్షణం పుస్తకంలో ఒకటికి రెండుసార్లు వస్తుంది. ముందు నార్మా వాట్సన్ అనే అమ్మాయి పత్రికలో రాసుకున్న అనుభవంగా, తర్వాత క్యారీ వైపు నుంచి. అందరూ ఎందుకు నవ్వారో నార్మా చెబుతుంది. నవ్వకపోతే ఏడవాల్సి వచ్చేదని, ఇన్నేళ్ల తర్వాత క్యారీ కోసం ఏడ్చేదెవరని ఆమె మాటల సారాంశం. పుస్తకమంతటిలో మమ్మల్ని భయపెట్టేది ఈ పేరానే. నిప్పులూ కరెంటు తీగలూ దీని తర్వాతే. అక్కడే నల్లవాళ్లను కించపరిచే పాతకాలపు పోలిక ఒకటుంది. ముందుగా చెప్పి, అది ఆ కాలపు తెల్లపిల్ల నోట్లో ఎందుకంత సులువుగా వచ్చిందో మాట్లాడి ముందుకెళ్లండి. దాటేయకండి.

‘ఇది చదివి మా వాడికి పగ ఆలోచనలొస్తే?’ అన్న భయానికి జవాబు కూడా ఆ పేజీల్లోనే ఉంది. ఈ నవలలో రోజుల తరబడి పథకం వేసి పగ తీర్చుకునేది క్రిస్. టికెట్ పోయిందన్న కోపంతో పంది రక్తం సంపాదించింది ఆమె, ఆమె స్నేహితుడు బిల్లీ నోలన్. క్యారీ ముందు హాలు వదిలి బయటికి పరుగెత్తి గడ్డిలో పడుతుంది. అక్కడ కథ ఆగిపోవచ్చు. అప్పుడు వెనక్కి తిరిగి తలుపులు మూసేసి, పైకప్పు స్ప్రింక్లర్లు విప్పుతుంది. మొదటి ఉద్దేశం వాళ్ల బట్టలూ జుట్టూ తడిసి పాడవ్వాలని మాత్రమే. ఆ నీళ్లు వేదికమీద బ్యాండువాళ్ల కరెంటు సామాను మీద పడతాయి. ఒకడు షాక్ కొట్టి గిలగిలలాడతాడు. అది చూసి కూడా ఆమె ఆపదు. నీళ్లు విప్పడానికీ, ఆపకపోవడానికీ మధ్య ఉన్న ఆ కాసేపటిని పిల్లలతో పదాలు పదాలుగా చదివించండి. అమాయకురాలు అనీ అనలేరు, రాక్షసి అనీ అనలేరు. చివరికి నాలుగువందల మందికి పైగా పోతారు, వాళ్లలో ఆమెను ఎప్పుడూ ఏమీ అననివాళ్లే ఎక్కువ.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. స్కూల్లో తుపాకీ పట్టిన కుర్రాడి మీద కింగ్ రిచర్డ్ బాక్‌మన్ పేరుతో 1977లో ‘రేజ్’ అనే నవల ప్రచురించారు. 1997లో కెంటకీలోని హీత్ హైస్కూల్లో కాల్పులు జరిగాక, ఆ పుస్తకాన్ని ఇక అచ్చువేయొద్దని ప్రచురణకర్తలకు ఆయనే చెప్పి మాన్పించారు. అంటే పుస్తకం చేసే హాని గురించి ఆలోచించని రచయిత కాదు. ‘క్యారీ’ని మాత్రం ఆయన ఉపసంహరించలేదు.

చదవడానికి బదులు సినిమా వేసేద్దామనే మాట తప్పకుండా వస్తుంది. బ్రయాన్ డి పాల్మా 1976లో తీసినది మంచి సినిమా. సిసీ స్పేసెక్‌కూ, తల్లిగా చేసిన పైపర్ లారీకీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అయితే అందులో పత్రాలు లేవు, విచారణ సంఘం లేదు, ఊరు తగలబడదు, తల్లి చావు వేరు, ముగింపు వేరు. పైగా ఆర్ రేటింగ్. పదిహేడేళ్లలోపు పిల్లలకు వేసేముందు ప్రతి ఇంటి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. వేస్తే ఐదు సమావేశాలూ అయ్యాకే వేయండి. ముందు వేస్తే పిల్లలు పుస్తకంలో స్పేసెక్ ముఖమే చూస్తారు. నవలలో క్యారీ బొద్దుగా, మొటిమలతో ఉండే పిల్ల. ఆ సంగతే ఎవరికీ గుర్తుండదు.

చివరి భాగానికి విడి సమావేశం ఎందుకన్నామంటే, పెద్దల లెక్కలన్నీ అక్కడే తేలతాయి. డెజార్డిన్ ఇక జన్మలో పాఠం చెప్పనంటూ రాజీనామా రాస్తుంది. గ్రేల్ కూడా తప్పుకుంటాడు. విచారణ సంఘం తనకు తోచినట్టు నివేదిక రాసి దస్త్రం మూసేస్తుంది. ఆ నివేదిక భాషను పిల్లలచేత పరీక్షగా చదివించండి. ఎవరు ఏం చేశారన్నది మాయమై, అన్నీ వాటంతటవే జరిగిపోయినట్టు కనిపిస్తుంది. కావాలంటే ఒక పని ఇవ్వండి: అదే విషయాన్ని ఒక పేజీలో, చేసినవాళ్ల పేర్లతో తిరగరాయమనండి.

ఇక లైబ్రరీల నుంచి తీయించే విషయం. ఇది కొత్తది కాదు, డెబ్బైల్లోనే మొదలైంది. 2024-25 విద్యా సంవత్సరంలో అమెరికా స్కూళ్లలో ఎక్కువసార్లు నిషేధానికి గురైన రచయిత కింగేనని పెన్ అమెరికా అనే రచయితల సంఘం లెక్క తేల్చింది, మొత్తం 206 సార్లు. ఫ్లోరిడాలో 2023లో వచ్చిన చట్టం, లైంగిక విషయాలున్నాయని అభ్యంతరం వస్తే ఐదు స్కూలు రోజుల్లో పుస్తకాన్ని అల్మరాలోంచి తీసేసి, తర్వాత విచారించాలని చెప్పింది. అంటే మీ సంతకానికి బరువుంది. వాట్సాప్‌లో వచ్చిన జాబితా చూసి సంతకం పెట్టకండి. అభ్యంతర పత్రాల్లో సాధారణంగా ‘పుస్తకం పూర్తిగా చదివారా?’ అన్న ప్రశ్న ఉంటుంది. చదవకుండా అవునని రాయకండి. మీ బిడ్డకు మాత్రమే వద్దనుకుంటే ఆ మాట లైబ్రేరియన్‌కు ఒక ఉత్తరంలో రాస్తే సరిపోతుంది. ఇంకొకరి బిడ్డ సంగతి వాళ్లు చూసుకుంటారు.

ఆఖరుగా గది నియమాలు. ‘నీకెప్పుడైనా ఇలా జరిగిందా?’ అని గుంపులో ఏ పిల్లనూ అడగకండి. తానుగా చెప్పబోతే వినండి, మిగతావాళ్ల ముందు పొడిగించకండి, సమావేశం అయ్యాక ఒక పెద్దమనిషి విడిగా మాట్లాడాలి. ఎవరినీ, సరదాకి కూడా, క్యారీ అని పిలవనివ్వొద్దు. పిలిచిన పిల్లాణ్ణి అక్కడికక్కడే ఆపండి, వచ్చేవారం చూద్దామనుకోకండి. స్కూలు కౌన్సెలర్ ఫోను నంబరు, 988 సంక్షోభ సహాయ నంబరు ప్రతి పిల్లకూ ఇచ్చే కాగితం మీద అచ్చువేయండి. ఏదైనా వారం ఒక పిల్ల రావడం మానేస్తే, మర్నాడే ఆ ఇంటికి ఫోను చేయండి.

ఇట్లు,
హైస్కూలు పిల్లలతో నవలలు చదివించే కొందరు టీచర్లు, లైబ్రేరియన్లు